గడప కింద గడప

మరుగుజ్జుల రాజ్యంలో నోటితో క్షమాపణ అడిగే అలవాటు లేదు. తప్పు చేసినవాడు ఎదుటివాడి ఇంటికి వెళ్ళి, గుమ్మం దాటేటప్పుడు తల వంచుతాడు. లోపలున్నవాళ్ళు "క్షమించాం" అంటారు. అంతే. దేనికి వంచావని వీళ్ళు అడగకూడదు, దేనికి వంచానో వాడు చెప్పకూడదు. గొడవ అక్కడితో సరి. కొండ లోపల, గోడకి గోడ ఆనుకుని, పక్కింటాయన తుమ్మితే ఈ ఇంట్లో దీపం ఊగేటంత ఇరుకులో బతికేవాళ్ళకి అంతకంటే మంచి పద్ధతి దొరకదు.

అందుకే తప్పు చేయనివాడు గుమ్మంలో పొరపాటున కూడా తల వంచడు. ఏ ఇంటి గుమ్మమైనా యజమాని తలకి పైన బెత్తెడు ఖాళీ ఉండేలా చెక్కుతారు. మనిషి పరువంతా ఆ బెత్తెడులోనే ఉంటుంది. పొట్టివాళ్ళకి ఇంత పొగరేమిటని బయటివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి, వాళ్ళు రోజూ ఎందరికి తల వంచుతారో వాళ్ళకే తెలియదు.

ఈ గుమ్మాలు కొలిచి, చెక్కి, గడపలు కూర్చోబెట్టేది తాతముత్తాతల నుంచీ ఒకే ఇంటివాళ్ళు. ఇప్పటాయన్ని అందరూ గడప మేస్త్రి అనేవారు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆయన వేసిన గడప మీద నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడేవి. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు, కనిపించిన ప్రతివాడికీ తెలియజెప్పేవాడు. రాయి మూలన, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు ఉలుల బొమ్మ చెక్కేవాడు. అది వాళ్ళ వంశం గుర్తు.

అలాంటి మేస్త్రికి ఒక్కతే కూతురు. ఆ కూతురు పొడుగు.

పదేళ్ళకే తల్లిని అందుకుంది. తర్వాత తండ్రిని దాటింది. అక్కడైనా ఆగుతుందేమోనని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. ఆగలేదు. ఇరవయ్యో ఏడు దగ్గరపడేసరికి, ఏ ఇంటికి వెళ్ళినా తల వంచితే తప్ప లోపల అడుగు పెట్టలేని పరిస్థితి. వీధిలో పిల్లలు నిచ్చెన అని పేరు పెట్టారు. ఆ పిల్ల గుమ్మంలో వంగినప్పుడల్లా లోపలివాళ్ళు "క్షమించాం, క్షమించాం" అని నవ్వేవాళ్ళు. మొదట్లో సరదాకే అనేవాళ్ళు. ఏళ్ళ తరబడి అంటూ వింటూ ఉంటే, నిజంగానే ఈ పిల్ల ఏదో చేసిందేమోనని అందరికీ ఒక చిన్న అనుమానం పట్టుకుంది. ఆ పిల్లకి కూడా పట్టుకుందేమో, నవ్వేవాళ్ళతోపాటు తనూ నవ్వేది.

తల్లి మాత్రం నవ్వేది కాదు.

"ఊరందరి తలలూ కొలుస్తారు. ఇంట్లో పిల్ల తల కొలవడానికి మీకు తాడు దొరకదు," అనేది మొగుడితో. "పైరాయి తీసి కాస్త ఎత్తి పెట్టడం మీకు ఒక్క పూట పని. సొంతింట్లో అది రోజుకి ఎన్నిసార్లు వంగుతోందో కనిపిస్తోందా అసలు?"

"గుమ్మం ఎత్తు యజమాని తలని బట్టి ఉండాలే. అది పద్ధతి. మేస్త్రి ఇంట్లోనే పద్ధతి తప్పితే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇప్పుడేమీ అనుకోవట్లేదు కాబోలు!"

నిజం చెప్పాలంటే ఆయనకి కూతురంటే సిగ్గు. ప్రేమ లేక కాదు. ఉలి పట్టడం నేర్పింది ఆయనే, ఆ పిల్ల తీర్చిన రాతి అంచు మీద వేలు పెట్టి చూసి లోలోపల పొంగిపోయిందీ ఆయనే. కానీ వీధిలో పక్కపక్కన నడవాల్సి వస్తే చెప్పు సరిచేసుకునే వంకతో ఆగిపోయి ఆమెను ముందుకు పోనిచ్చేవాడు. పెళ్ళిళ్ళలో అందరూ లేచి నిలబడ్డప్పుడు "నువ్వు కూర్చోమ్మా, కాళ్ళు లాగుతాయి" అనేవాడు. ఆ ఆపేక్ష వెనకాల ఏముందో ఆమెకి తెలియకపోలేదు. తెలిసే కూర్చునేది.

ఆ ఏడు ఆమె సుత్తి పుచ్చుకోవాలి.

కొండ నడిబొడ్డున పెద్ద సభ ఉంది. దాని గుమ్మం మూలపురుషుడు స్వయంగా చెక్కింది. ఆ కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చు. ఒకప్పుడు వీళ్ళ పెద్దలు మైదానంలో ఎవరెవరి కొలువుల్లోనో ఊడిగం చేస్తూ, అడుగడుక్కీ తల వంచుతూ బతికారు. అది భరించలేక ఒక రాతిపనివాడు తనవాళ్ళను వెంటబెట్టుకుని ఈ కొండకి వచ్చాడు. కొండను తొలిచాడు. తన తలకి బెత్తెడు పైన కొలిచి గుమ్మం నిలబెట్టాడు. "ఈ గుమ్మంలో నావాళ్ళెవరూ తల వంచరు" అన్నాడు.

ఈడొచ్చిన పిల్లలు ఏడాదికోసారి ఆ గుమ్మం దాటి సభలోకి నడుస్తారు. తల వంచకుండా దాటినవాళ్ళ చేతిలో వాళ్ళ సొంత గుర్తున్న సుత్తి పెడతారు. అది ఉంటేనే సొంతంగా పని పట్టడం, సొంత ఇల్లు తొలుచుకోవడం. తల వంచినవాళ్ళు మూలపురుషుడి వాళ్ళు కారు కనక, వాళ్ళను బయటి ద్వారం దగ్గరి కొట్లకి పంపేస్తారు. మైదానం నుంచి సరుకు తెచ్చే పొడుగువాళ్ళతో బేరాలు చూసుకుంటూ అక్కడే ఉండాలి. మర్యాదగానే పంపుతారు, మూట కూడా మోసి పెడతారు. కాకపోతే వెళ్ళినవాళ్ళను మళ్ళీ లోపలికి పిలవరు, చూడ్డానికి ఎవరూ వెళ్ళరు.

నిచ్చెనకి ఆ సుత్తి కావాలి. తిండి మీద, బట్ట మీద లేని ఆశంతా ఆమె దాని మీద పెట్టుకుంది. సుత్తి మీద వేయించుకోవాల్సిన గుర్తు కూడా ఎప్పుడో గీసి పెట్టుకుంది: తండ్రి రెండు ఉలులూ, వాటి పక్కన చిన్నది ఇంకొకటి.

ఉపాయం తల్లి ఆలోచించింది. "తల వంచకూడదన్నారు. మోకాళ్ళు వంచకూడదని ఎవడూ అనలేదుగా!" నేల మీద జీరాడే పావడా ఒకటి కుట్టింది. దాని లోపల మోకాళ్ళు వంచి, మెడ నిటారుగా పెట్టి నడవాలి. గోడ మీద మూలపురుషుడి గుమ్మమంత ఎత్తున బొగ్గుతో గీత గీసి, వంటింట్లో రోజూ నడిపించేది. కొలిమిలో తిత్తులు ఊదే మేనమామ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని సభ పెద్దలా గడ్డం నిమురుకునేవాడు.

"రావమ్మా రా. అట్లా బాతులా ఊగకు. ఆ రోజు నవ్వాపుకోలేక నేనే ముందు దొరికిపోతాను."

"నువ్వు నోరు మూసుకుంటే అది సరిగ్గానే నడుస్తుంది," అనేది తల్లి.

తొడలు వణికేవి, చెమటలు పట్టేవి. అయినా నెల తిరిగేసరికి గీత కింద వేలెడు సందు మిగిల్చి దాటడం వచ్చేసింది. ఆ రోజు ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకున్నారు. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి చూసి, లోపలికి రాకుండా పనిముట్లు తీసుకుని వెళ్ళిపోయాడు. సంతోషపడితే ఎక్కడ బయటపడుతుందోనని ఆయన భయం.

అంతలో సభ పెద్దల నుంచి కబురొచ్చింది. మూలపురుషుడి గుమ్మానికి గడప అరిగి గుంట పడింది, ఈ ఏటి వేడుకలోపే కొత్తది వేయాలి.

అది తరానికి ఒక్కసారి వచ్చే పని. పెద్దల పాదాలు పడ్డ రాయిని తీసి పారేయడం అక్కడ మహా అపచారం. అందుకని పాత గడప మీదే కొత్త గడప వేసి, రెండు వైపులా నేలను దానికి సమంగా ఎత్తు చేస్తారు. తరానికి బెత్తెడు. బెత్తెడు గురించి ఎవరు పట్టించుకుంటారు? అన్నీ కలిపి ఎంతయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. మేస్త్రి నలుగురిలోనూ రొమ్ము విరుచుకుని తిరిగాడు. నల్లరాయి ఎంచి, బెత్తెడు మందాన చెక్కి, మూలన రెండు ఉలులూ వేసి, పెద్దలకి చూపించి శభాష్ అనిపించుకున్నాడు.

నిచ్చెన ఆ రాయిని చూసిన పూట అన్నం సరిగ్గా తినలేదు.

"నాన్నా, నాకు మిగిలేది వేలెడు సందే. నీ రాయి బెత్తెడు మందం," అంది.

ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"తాతయ్య వేసిన రాయిని పారేయమనట్లేదు. దాన్ని పైకి లేపి, దాని కింద ఒకటో రెండో ఉంటే అవీ లేపి, అడుగున కొండ బండ ఉంటుంది కదా, దాన్ని ఆ మేరకి చెక్కి అన్నీ మళ్ళీ అందులోనే కూర్చోబెట్టు. నీ రాయి ఇప్పటి ఎత్తుకే వస్తుంది. తెర కట్టుకునే కదా పని చేస్తావు, ఎవరు చూస్తారు?"

"అడుక్కి వెళ్ళొద్దని మా నాన్న మరీ మరీ చెప్పాడు. మన రాయి మీద మన రాయి వేసి వచ్చెయ్ అన్నాడు."

"నాన్నా."

ఆయన కంచంలోకి చూస్తూ "సరేలే, దించుతాలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గుమ్మానికి తెర కట్టించి, గునపంతో తండ్రి రాయిని లేపాడు. అడుగున ఒకటో రెండో రాళ్ళు, వాటి కింద బండ ఉంటాయని ఆయన లెక్క. లేపగానే ఇంకో గడప ఉంది. మూలన రెండు ఉలులున్నాయి. తన తాత వేసింది. దాని పక్కన, ద్వారబంధానికీ రాయికీ మధ్య సందులో నింపిన రాతిపొట్టు తీసి చూస్తే, దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. చెయ్యి భుజం దాకా పెట్టినా అడుగు తగల్లేదు. గునపం దించితే దాదాపు సగం దాకా దిగి టంగుమంది.

ద్వారబంధం మీద రెండు వైపులా ఒక తీగ చెక్కి ఉంటుంది. పైకి పాకి పూలు పూస్తుంది గానీ దానికి మొదలు లేదు, నేలలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ పూసినవాళ్ళం కనక మూలపురుషుడు మనల్ని వేరు లేని తీగలా చెక్కాడని సభ పెద్ద ఏటా చెప్పేవాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మేస్త్రి బోర్లా పడుకుని, సందులోకి దీపం దించి చూశాడు. కింద తీగ ఇంకా ఉంది. ఆకు తర్వాత ఆకు దిగుతూ పోయి, అట్టడుగున చక్కగా పాయలు పాయలుగా విడిన వేరు ఉంది.

ఆయన వృత్తే గుమ్మాలు చూసి మనుషుల ఎత్తు చెప్పడం. కొలతాడు అవసరం లేకుండానే తెలిసిపోయింది. ఆ అడుగు గడప మీద నిచ్చెన నిలబడితే తల పైన బెత్తెడు ఖాళీ ఉంటుంది.

మూలపురుషుడు తన కూతురంత పొడుగు. ఆయన వెంట వచ్చినవాళ్ళూ అంతే అయ్యుండాలి. రాయి మీద రాయి వేస్తూ, తగిలిన తలల్ని బయటికి పంపుతూ, పంపగా మిగిలినవాళ్ళం పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఇంత అయ్యాం. పొట్టిగా పుట్టిన జాతి కాదిది, గడపలు వేసుకుని పొట్టి అయిన జాతి. వేసిందంతా తన ఇంటివాళ్ళే.

అప్పుడు మేనత్త గుర్తొచ్చింది. తండ్రికి చెల్లెలు. చిన్నప్పుడు ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని వీధి కప్పు అందించేది. తండ్రి ఈ రాయి వేసిన ఏడే ఆమె గుమ్మం దాటలేక బయటి కొట్లకి వెళ్ళింది. తండ్రి కూడా రాయి లేపి చూసే ఉంటాడు. చూసే, అడుక్కి వెళ్ళొద్దని చెప్పి ఉంటాడు.

తెర అవతల కర్ర చప్పుడైంది. సభ పెద్ద.

"ఏం మేస్త్రీ, ఎందాకా వచ్చింది? ఈసారి కథలో మీ వంశం మాట కూడా కలుపుదామని పెద్దలందరం అనుకున్నాం. ఇన్ని తరాలుగా మూలగడపని నిలబెట్టినవాళ్ళని."

"పెద్దయ్యా, కింద..."

"ఏంటి కింద?"

చెబితే ఏమవుతుందో మేస్త్రి కళ్ళ ముందు కదిలింది. సభ మొత్తం ఈ గోతి చుట్టూ చేరి, ప్రతి రాయి మీదా రెండు ఉలుల్ని చూస్తుంది. తమ చెల్లెళ్ళనీ కొడుకుల్నీ ఎవరి రాయి బయటికి పంపిందో చూస్తుంది.

"కింద గట్టిగానే ఉంది పెద్దయ్యా. ఏం ఫరవాలేదు," అన్నాడు.

పొట్టు మళ్ళీ నింపాడు. తండ్రి రాయిని దాని చోట పెట్టాడు. తన రాయిని దాని మీద పెట్టాడు. సున్నం తీర్చి, సందు కనపడకుండా నునుపు చేశాడు. పని మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా చేశాడు.

ఇంటికి రాగానే ఆ పిల్ల ఎదురొచ్చింది. తమ గుమ్మంలో వంగి, బయటికి తల పెట్టి అడిగింది.

"దించావా నాన్నా?"

"ఆఁ. దించాను."

ఆ రెండు మాటలూ ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఎలాగో దాటేస్తుందిలే అనుకున్నాడు. కాసేపటికి నిజంగానే దించినట్టు కూడా అనిపించింది. మనసు అంత పనికిమాలినది, కావాలంటే ఏదైనా నమ్ముతుంది.

వేడుక నాడు మేస్త్రిని గుమ్మం పక్కనే, గౌరవంగా, నిలబెట్టారు. కొత్త గడప వేసినవాడి హక్కు అది. పిల్లలు ఒక్కొక్కరే దాటి వచ్చి సుత్తులు పుచ్చుకుంటున్నారు. చివర నిచ్చెన వచ్చింది. మెడ నిటారుగా ఉంది, పావడా నేలకి రాస్తోంది. లోపల మోకాళ్ళు ఎంత వంగి ఉన్నాయో తండ్రికి తెలుసు. ముందు వరసలో తల్లి పెదవులు కదిలిస్తూ అడుగులు లెక్కపెడుతోంది. నవ్వాపుకోలేనన్న మేనమామకి నవ్వు రాలేదు.

గడప మీద కాలు పెట్టబోతూ ఆమె ఒక్క క్షణం ఆగి ద్వారబంధం వంక చూసింది. రాతిపని తెలిసిన పిల్ల. తీగకి ఎన్ని ఆకులున్నాయో చిన్నప్పటి నుంచీ తెలుసు. తర్వాత తండ్రి వంక చూసింది. ఆయన కొత్త రాయి వంక చూస్తూ ఉండిపోయాడు.

మోకాళ్ళు ఇంకా వంచింది. నుదురు పైరాయికి తగిలింది. ఇంకా వంచింది. మళ్ళీ తగిలింది. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరస వెంట పాకింది. నిచ్చెన మోకాళ్ళు చాపి, తన నిండు ఎత్తున లేచి నిలబడింది. అప్పుడు తల వంచి గుమ్మం దాటింది.

గుమ్మంలో ఎవరు తల వంచినా ముందు పలకాల్సింది గుమ్మానికి దగ్గరగా ఉన్నవాడు. అలవాటు పడ్డ నోరు. మేస్త్రి అన్నాడు.

"క్షమించాం."

ఆయన వెనకాలే సభంతా అంది.

ఆ పిల్ల ఏడవలేదు. మూట కట్టుకుని వెళ్ళేటప్పుడు తండ్రి దగ్గర ఆగి, "తీగకి ఒక ఆకు తగ్గింది నాన్నా" అని మెల్లగా చెప్పింది. తర్వాత ఇంటి గుమ్మంలో ఆఖరిసారి వంగి వెళ్ళిపోయింది.

తల్లి ఆమెను దిగబెట్టి వచ్చి, కొంగు బిగించి, తమ్ముడిని పిలిచి ఇంటి పైరాయిని పగలగొట్టింది. ఇద్దరికీ ఆ పని రాదు. గోడ సగం ఊడింది, కొత్తగా పెట్టిన రాయి ఒక పక్కకి ఒరిగింది. ఊళ్ళో వాళ్ళందరూ గడప మేస్త్రి ఇంటి గుమ్మం చూడ్డానికి పనిగట్టుకుని వచ్చారు.

"ఇప్పుడెందుకే ఇది?" అన్నాడాయన.

"అది వస్తే," అందామె. ఆ తర్వాత చాలా కాలం ఆయనతో ఇంకో మాట మాట్లాడలేదు.

ఆయన పనికి పోలేకపోయాడు. పోయినా ఏ గుమ్మం చూసినా అడుగున ఏముందోననిపించేది. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. అన్నం దగ్గర, స్నానం దగ్గర, నలుగురిలో ఉన్నప్పుడు, తన నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట తనకే మళ్ళీ వినిపించేది. ఎవరిని క్షమించాడు? దేనికి?

చివరికి ఒకరోజు కూతురు మరిచిపోయిన ఉలుల సంచి చంకన పెట్టుకుని బయటి ద్వారం దాకా నడిచాడు. పోయేకొద్దీ దారి కప్పు ఎత్తవుతూ, ఎండ వెలుగు లోపలికి చొరబడుతూ వచ్చింది. కొట్ల గుమ్మాలు పొడుగువాళ్ళ కోసం కట్టినవి. ఒక కొట్లో నిచ్చెన నిటారుగా నిలబడి రాయి చెక్కుతోంది. సుత్తి ఎవరిదో అరువు తెచ్చుకున్నది. పక్కన పీట మీద నడుం వంగిపోయిన ముసలావిడ కూర్చుని ఉంది.

"ఎవరూ? మా అన్నయ్య కొడుకువి కదూ?" అంది ముసలావిడ. "ఇన్నాళ్ళకి దారి దొరికిందట్రా? మీ సభవాళ్ళకి చెప్పు, నా నడుం వంగిపోయింది, ఇప్పుడైతే ఆ గుమ్మం హాయిగా దాటుతానని."

ఆ కొట్టు గుమ్మం మేస్త్రి తలకి రెండింతల ఎత్తుంది. దాని కింద నిలబడి తల వంచాడు. వంచి అలాగే ఉండిపోయాడు.

మేనత్త అలవాటుగా నోరు తెరిచింది. నిచ్చెన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"దేనికి నాన్నా?"

ఆ ప్రశ్న ఆ రాజ్యంలో ఎవరూ ఎవరినీ అడగరు. అడిగింది కనక చెప్పాల్సి వచ్చింది. తల ఎత్తకుండానే చెప్పాడు. గడప కింద గడప ఉందని, ప్రతి రాయి మీదా తమ గుర్తే ఉందని, తీగకి వేరుందని, తను చూసి కూడా పూడ్చేశానని. దించాను అన్నది అబద్ధమని. ఆమె నడిచి వస్తుంటే ఆగమని ఒక్క మాట అంటే చాలని తెలిసీ ఆ మాట కాకుండా ఇంకో మాట అన్నానని.

"వేరుందా దానికి?" అంది మేనత్త. "చిన్నప్పుడు మా నాన్నని అడిగితే లెంపకాయ కొట్టాడు."

నిచ్చెన ఉలుల సంచి అందుకుంది. ఒక్కో ఉలీ తీసి, మొన చూసి, బల్ల మీద పెట్టింది. ఆయన మెడ నొప్పెడుతోంది, అయినా ఎత్తలేదు.

"లే నాన్నా, నడుం పట్టేస్తుంది," అందామె. "ఇక్కడ వంగితే ఏం లాభం? ఈ గుమ్మం నన్నేం చెయ్యలేదు. అక్కడ వంగు."

సభలో దీపాల నూనె పంచే రోజున ఊరంతా అక్కడే ఉంటుంది. జనం డబ్బాలు పట్టుకుని వరసలు కట్టి ఉండగా మేస్త్రి గునపం భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏంటి బావా, నూనెకి గునపమెందుకు?" అన్నాడు బావమరిది.

మేస్త్రి ఆగకుండా మూలపురుషుడి గుమ్మం దగ్గరికి వెళ్ళి, తన తలకి పైన ఖాళీ ఉండగానే, తల వంచాడు. గడప మేస్త్రి తల వంచడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అయినా అలవాటుగా సభ నోరు విప్పింది.

"అప్పుడే అనకండి," అన్నాడు మేస్త్రి. "దేనికో చూశాక అనండి."

తన రాయి పక్కన గునపం మొన పెట్టాడు. పని మరీ శుభ్రంగా చేశాడు కదా, దిగడానికి సందు దొరకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తితో తన సున్నం తనే పగలగొట్టుకున్నాడు. సభ పెద్ద ఆగమని అరిచాడు. కాపలావాళ్ళు ముందుకొచ్చారు. ఈలోగా మేస్త్రి భార్య వరస తప్పించుకుని వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది, ఆమె వెనకాలే తమ్ముడు ఇంకో గునపం వెతుక్కుని వచ్చాడు. మొదటి రాయి లేచింది. రెండు ఉలులు. రెండోది లేచింది. రెండు ఉలులు. మూడోది లేచేసరికి అరిచేవాళ్ళు అరవడం మానేశారు.

అట్టడుగు గడప మీద మేస్త్రి నిలబడేసరికి బయటికి ఆయన తలా భుజాలే కనిపిస్తున్నాయి. చెయ్యెత్తినా పైరాయి అందదు.

"వచ్చి చూడండి పెద్దయ్యా," అన్నాడు. "తీగకి వేరుంది."

సభ పెద్ద కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆ వేరు చూడాలంటే గుమ్మంలో నిలబడి కిందికి చూడాల్సిందే, ఇంకో దారి లేదు. ఆయన తల వంచాడు. చాలాసేపు వంచే ఉంచాడు. ఆయన వెనకాల ఇంకొకరు వచ్చి చూశారు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. చెల్లెలిని పంపినవాళ్ళు, కొడుకుని పంపినవాళ్ళు, డబ్బాలు కింద పెట్టి ఒక్కొక్కరే వచ్చి ఆ గుమ్మంలో తల వంచారు.

ఎవరూ ఏమీ అనలేదు. క్షమించాం అనాల్సినవాళ్ళు బయటి ద్వారం దగ్గరి కొట్లలో ఉన్నారు.